నాంపల్లిలో మెలిక పొగాకు

హైదరాబాదు నుంచి వచ్చినప్పటి నుంచి మా వీధి ఆడవాళ్ళు చార్మినారు చూశావా, గాజులు కొన్నావా అని అడుగుతూనే ఉన్నారు. చూడలేదు, కొనలేదు. నేను చూసిన హైదరాబాదు అంతా నాంపల్లి స్టేషను దగ్గరి లాడ్జికీ అబిడ్స్‌లోని ఒక డాక్టరు గదికీ మధ్య ఉన్న రోడ్డు. ఒక్కదాన్నే నడిస్తే దగ్గరే. ఒక చంకలో పాప, ఇంకో చేతిలో అత్త చేయి ఉంటే మాత్రం ఆ రోడ్డు చాలా పొడుగు. ఇదే పని మీద వెళ్ళవలసిన వాళ్ళు మా జిల్లాలో చాలామంది ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందేమోనని, పాప నిద్రపోయాక రోజుకు కొంచెం చొప్పున రాస్తున్నాను.

మా అత్త అడ్డపొగ తాగేది. శ్రీకాకుళం పల్లెల్లో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూసి పీల్చడం. నాట్లు వేసేటప్పుడు గాలికి ఆరదు, వానకు తడవదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అత్త ఇంకా ఓణీ వెయ్యని వయసులో తన పెద్దమ్మ దగ్గర నేర్చుకుందట. ఈ ఏడు అన్నం మింగుతుంటే మండుతోందని అంటే టార్చి వేసి చూశాను. అంగిలి మీద సున్నం పూసినట్టు తెలుపు, దాని మధ్య పుండు. ఊళ్ళో డాక్టరు చూసి ఆలస్యం చెయ్యొద్దన్నాడు. మా చిన్నాన్నకు తెలిసిన నోటి డాక్టరు అబిడ్స్‌లో ఉన్నారు. ముక్క తీసి పరీక్ష చేయాలి, చెడ్డదని తేలితే అంగిలిలో కొంత కోసి తీసెయ్యాలి అని ఫోనులోనే చెప్పారు.

అత్త సరేనంది, కానీ నచ్చకపోతే ఏ క్షణానైనా తిరుగు రైలెక్కేస్తానని ముందే చెప్పింది. మా ఆయన ఓడరేవులో కాంట్రాక్టు పనిలో ఉన్నారు. సెలవు పెడితే ఆ పని ఇంకొకరిదవుతుంది. "ఆపరేషను దాకా అమ్మని ఆపగలిగితే చాలు" అన్నారాయన. ఎనిమిది నెలల పాప సీసా ముట్టదు కనుక పాపను కూడా ఎత్తుకుని బయల్దేరాను. ఆపరేషను దాకా అత్తను ఆపడం, నాకు అప్పగించిన పని అదొక్కటే.

రైలు

విశాఖలో సాయంత్రం బండి ఎక్కాం. తుని దాటాక టిక్కెట్లు చూసే ఆయన వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరండీ చుట్ట కాలుస్తున్నది?"

మా ఎదుటి సీటు పెద్దాయన తన జేబులు తానే తట్టి చూపించాడు. నేను కిటికీ వైపు తిరిగాను. అత్త రెండు చేతులూ పాప చుట్టూ వేసుకుని, పెదవులు బిగించి, ఏమీ ఎరగనట్టు ఆయన్నే చూస్తోంది. పొగ లేదు, నిప్పు కనబడదు. చివరికి ఆయన పక్క బెర్తు కుర్రవాడికి జరిమానా అని బెదిరించి పోయాడు. కుర్రవాడు "నాకసలు అలవాటే లేదు సార్" అని వెనకే వెళ్ళాడు. పెద్దాయనకు సంగతి అర్థమై పడీపడీ నవ్వాడు. "మీ అమ్మగారు దొరకరండీ" అన్నాడు నాతో.

నేను నవ్వలేకపోయాను. పాప అత్త ఒళ్ళోనే ఉంది. ఆ మూసిన నోట్లో నిప్పుంది, దానికి జానెడు దూరంలో పాప తల ఉంది. సామర్లకోట దాటాక అత్త నిద్రపోయింది. కొంగున కట్టుకున్న చుట్టల కట్ట విప్పి కిటికీలోంచి విసిరేశాను.

తెల్లారి కొంగు తడుముకుంది. "నా సుట్టలేవే?"

"పారేశానత్తా."

ఆవిడ మా నాన్నకు వరసకు చెల్లెలు, చిన్నప్పటి నుంచి నువ్వనే అలవాటు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పట్టాలు ఆగేచోట

నాంపల్లిలో పట్టాలు ఆగిపోతాయి. మా వైపు స్టేషన్లలో రైలు ఇంకా ఎక్కడికో వెళ్తూ మనల్ని దించుతుంది. ఇక్కడ ఇంజను ముందు గోడ ఉంటుంది. అత్త ఆ గోడను చూసి, "ఇంకెల్లడానికి దారి నేదేటి?" అంది.

లాడ్జిలో చాలా గదుల్లో మాలాంటివాళ్ళే. ఎవరో ఒకరు ఏదో ఒక ఆసుపత్రిలో ఉంటారు, మిగతావాళ్ళు వరండాలో గ్యాసు పొయ్యి పెట్టి గంజి కాస్తుంటారు. డెట్టాలు వాసన, ఉడికే బియ్యం వాసన కలిసి మెట్ల దాకా వస్తాయి. పక్క గదిలో సిద్దిపేట దగ్గరి సత్తెమ్మ ఉంది. ఆమె భర్తకు గొంతులో పుండు, దగ్గర్లోని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మేము సంచులు దింపుతుండగానే వచ్చి పాపను ఎత్తుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నీళ్ళు పొద్దుగాల్నే వట్టుకో, తర్వాత రావు. గా మూలకున్న హోటల్ల చాయ్ మంచిగుంటది."

ఇరానీ చాయ్ గురించి చాలా విన్నాను. చిన్న కప్పు, ఇరవై రూపాయలు, మీగడలా చిక్కగా ఉంది. మా ఊళ్ళో ఆ డబ్బుకు గ్లాసు నిండా ఇస్తారు, కానీ అందులో సగం నీళ్ళు. బిస్కెట్టు ముంచుకుని తినడం నాకు నచ్చింది. అత్త చాయ్‌ని పూర్తిగా చల్లార్చుకుని, అంగిలికి తగలకుండా తల పక్కకు వంచి తాగింది. ఇడ్లీలోకి పల్లీల పచ్చడి ఇచ్చారు, కారం నోటికి తగలగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆవిడ తిన్నది పెరుగన్నం, చల్లారిన గంజి.

అబిడ్స్

డాక్టరు నెమ్మదైన మనిషి. నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. మత్తు ఇంజెక్షను ఇచ్చి, పుండు అంచు నుంచి కందిబద్దంత ముక్క తీశారు. అత్త చిన్న మూలుగు కూడా మూలగలేదు. ఫలితం రావడానికి కొన్నాళ్ళు పడుతుందని, ఊరికి వెళ్ళకుండా ఇక్కడే ఉండమన్నారు.

"ఆ చుట్ట మాత్రం ముట్టుకోవద్దమ్మా. నోట్లో నిప్పు పెట్టుకుంటే ఇలా కాక ఎలా అవుతుంది? మళ్ళీ తాగారంటే పుండు మానదు, ఆపరేషను వెనక్కి పోతుంది."

బయటికొచ్చాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. కాలేజీలో ఉండగా ఇక్కడికి రావాలని ఎంతో అనుకునేదాన్ని. వంగి ఒక్కటి కూడా తీయలేదు. అత్త చేయి వణుకుతోంది.

మర్నాటికి వణుకు ఎక్కువైంది. గోడ వైపు తిరిగి పడుకుంది, గంజి వద్దంది, పాప దగ్గరికి పాక్కుంటూ వెళ్తే విసుక్కుంది. ఎప్పుడూ అలా చేసిన మనిషి కాదు. ఆ మరుసటి పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గదిలో లేదు. మెట్ల మీద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"టిక్కెట్టు కొనీ. నానెలిపోతాను."

"రెండు మూడు రోజులు ఓర్చుకో అత్తా."

"నీకేటి తెల్సు? బుర్రలో సీమలు పాకినట్టుంది. సచ్చిపోయినా మా ఊల్లోనే సత్తాను."

పాపను ఒళ్ళో పెడదామని చూశాను, తీసుకోలేదు. కాసేపటికి తనే బేరం పెట్టింది. "ఆ డాకటరు బాబు ఏటన్నాడు? నిప్పన్నాడు. నిప్పు ఒగ్గేత్తాను. ఆకు నమల్డానికేటి? సదువుకున్నదానివి, నువ్వే సెప్పు."

నేను ఆలోచించాను. అడ్డపొగ తాగే ఇళ్ళలో పెరిగినవాళ్ళందరికీ ఒకటే నమ్మకం: చెడ్డది నిప్పు, ఆకు కాదు. పంటి నొప్పికి ఆకు, తేలు కుడితే ఆకు, కడుపుబ్బరానికి ఆకు. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన నాకు కూడా ఆ పొద్దున ఆ మాట న్యాయంగానే తోచింది. అదీకాక, ఆవిడ ఒళ్ళో మూట ఉంది.

సత్తెమ్మను అడిగాను, నమిలే పొగాకు గట్టిది ఎక్కడ దొరుకుతుందని.

"స్టేషన్ ఎదురుంగ గల్లీల ఒక దుకానం ఉంటది. మా ఆయన గాడికెల్లే తెచ్చుకునేటోడు. ఎన్నడు బీడి గిట్ల ముట్టలె, నమిలేటోడు."

ఆ మాట విన్నాను. ఆమె భర్త గొంతులో పుండుతో ఎక్కడున్నాడో కూడా నాకు తెలుసు. అయినా పాపను ఆమెకిచ్చి చెప్పులేసుకున్నాను.

దుకాణం

రంగు వెలిసిన బోర్డు, లోపల చీకటి. గద్దె మీద బొట్టు పెట్టుకున్న లావుపాటి ఆయన. వాళ్ళ తాతల నాటి వ్యాపారమట. ముందు వరసలో వక్కలు, సున్నం డబ్బాలు. అడిగాక వెనక నుంచి ఒక గోనె తెచ్చి విప్పాడు. నల్లటి తాడు చుట్టలు చుట్టి ఉంది, బొటనవేలి లావున, తడి కొబ్బరితాడులా. అది తాడు కాదు, పొగాకు. పచ్చి ఆకులను బెల్లం పాకంలో నానబెట్టి, పురి పెట్టి మెలేసి, బరువు కింద అణిచి నెలల తరబడి ఉంచుతారట. మా వైపు ఆకును విడిగా ఆరబెట్టి చుట్టడమే తెలుసు, ఇలా మెలేసింది నేనెప్పుడూ చూడలేదు. పాత బెల్లం, చింతపండు, తడిసిన తోలు, అన్నీ కలిసిన వాసన.

"ఎవరికమ్మా?"

"మా అత్తకండి."

"చిలుంలకా, నమిలేటందుకా?"

"రెంటికీ ఇదేనా?"

"ఇదే. సన్నగ గోసి చిలుంల నింపుకుంటె పొగ. ముక్క గోసి దౌడకు వెట్టుకుంటె రసం. కానీ మస్తు కడక్ ఉంటది. కొత్తోళ్ళు తట్టుకోరు." దౌడంటే ఏదో చెంప తట్టి చూపించాడు.

"మా అత్త కొత్తది కాదు. నాకొక ముక్క ఇవ్వండి, రుచి చూస్తాను."

ఆయన నవ్వాడు. "మీకెందుకమ్మా? జూస్తె పిల్లతల్లి లెక్కున్నరు."

పాప పుట్టినప్పటి నుంచి నాకొక అలవాటు. జావ గానీ, మందు గానీ, అత్తకు కాచే గంజి గానీ, ముందు నా నాలుక మీద వేసుకోకుండా ఇంకొకరి నోట్లో పెట్టను. ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు. ఆ ముక్కలో ఏం కలిపారో ఎవరికి తెలుసు. అదే ఆయనతో అన్నాను.

"కలిపేది ఏం లేదమ్మా. సరె, మీ ఇష్టం." అడకత్తెరలాంటి దానితో పెసరగింజంత కోసి ఇచ్చాడు. అంత చిన్నదాంట్లో ఏం తెలుస్తుందనిపించింది. ఇంకొంచెం పెద్దది అడిగి తీసుకుని, ఆయన చూపించినట్టు చెంప లోపల పెట్టుకున్నాను.

ముందు తీపి. నిజంగా తీపే, పాకం గారె కొరికినట్టు. తర్వాత మిరియాలు. ఆ తర్వాత వేడి చెంప నుంచి చెవిలోకి పాకింది, నోరంతా నీళ్ళు ఊరాయి. ఉమ్మాలని నాకు తెలియక కాదు. ఎదురుగా మగమనిషి ఉన్నాడు, ఇంకో ఇద్దరు బేరానికి వచ్చి నిలబడ్డారు. పదిమందిలో ఉమ్మడం మా ఇళ్ళలో ఆడపిల్లలకు నేర్పరు. నోరు నిండిపోయింది. మింగేశాను. మళ్ళీ నిండింది, మళ్ళీ మింగాను.

అప్పుడు ఒకటి జరిగింది. దాన్ని దాచకూడదని రాస్తున్నాను. పాప పుట్టిన రోజు నుంచి నా లోపల ఒక భయం ఆగకుండా రొద పెడుతుంది. ఊపిరి ఆడుతోందా, ముక్కు మూసుకుందా, ఏమైనా మింగిందా అని. నిద్రలో కూడా ఆగదు. ఆ దుకాణంలో, కొద్దిసేపు, అది ఆగింది. బజారు చప్పుడు దూరమైంది, భుజాలు కిందికి దిగాయి. ఇన్నేళ్ళూ అత్త నోట్లో పెట్టుకున్నది ఇదే కాబోలు అనుకున్నాను.

వెంటనే ఎక్కిళ్ళు. చెమట. దుకాణం ఒక పక్కకు ఒరిగింది.

"మింగిన్రా?" ఆయన గద్దె మీంచి లేచాడు. "అయ్యో, మింగద్దమ్మా, ఉమ్మాలె. కూసోండ్రి, గీడ కూసోండ్రి."

మెట్టు మీద కూర్చుని, ఇందాక ఉమ్మడానికి సిగ్గుపడిన అందరి ముందూ మురుగుకాలువలో వాంతి చేసుకున్నాను. ఎవరో ఆటో ఆయన సీసా నీళ్ళు నెత్తి మీద పోశాడు. దుకాణం ఆయన "జెప్తనే ఉన్న" అని వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. గుండె జాకెట్టు గుడ్డను తంతున్నట్టు కొట్టుకుంటోంది. నిలబడగలిగాక, అత్త కోసం మూరెడు తాడు కోయించి కొన్నాను. మెట్ల మీది ఆ మూట నా కళ్ళ ముందే ఉంది.

పక్క గది

గదికి వచ్చేసరికి పాప ఆకలితో ఏడుస్తోంది. అలవాటుగా ఒళ్ళోకి తీసుకుని జాకెట్టు మీద చెయ్యి వేశాను. సత్తెమ్మ నా నోటి వాసన పట్టింది.

"నువ్వు దిన్నవా? ఏందిది బిడ్డా? పాలియ్యకు. పిండి పారబొయ్యి. రేపటి దాంక ఇయ్యకు."

పాపను నా చేతుల్లోంచి తీసేసుకుంది. ఆవుపాలు తెచ్చి చెంచాతో పట్టబోయింది. పాప మూతి తిప్పేసుకుంది, నా వైపు చేతులు చాపి ఏడ్చింది. నేను ఆ మూల కూర్చుని గిన్నెలోకి పాలు పిండాను. తెల్లగా, ఎప్పటిలాగే ఉన్నాయి.

అత్త ఈలోగా పొట్లం విప్పింది. వాసన చూసి కళ్ళు మూసుకుంది. కొస విరిచి వేళ్ళ మధ్య నలుపుతూ, "పాలెందుకు పారబోత్తంది?" అని సత్తెమ్మను అడిగింది.

"పొగాకు పాలల్లకు దిగుతది పెద్దమ్మా. మా ఊరి దవాఖానల సిస్టర్ చెప్పింది. పసిపోరల గుండె దడదడ కొట్టుకుంటదట, ఊపిరి గిట్ల సరిగ ఆడదట."

అత్త చెయ్యి నోటి దాకా వచ్చి ఆగింది. పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, వెక్కుతూ, చివరికి రెండు చెంచాల పాలు మింగి సత్తెమ్మ భుజం మీద పడుకుంది. సత్తెమ్మ దాన్ని తన గదిలోకి తీసుకెళ్ళింది. అప్పుడు అత్త నా పక్కన వచ్చి కూర్చుంది.

"మీ ఆయన కంటే ముందల నాకు ఆడపిల్ల ఉండీది, పెద్దది."

నాకు ఆ సంగతి తెలియదు. మా ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు తెలుసో లేదో.

"మూడో నెల. సుట్ట నోట్లో ఉండీది, గుంట సన్ను మీదుండీది. పొగాకు లేకపోతే పాలు పడవనీవోరు మా అత్త. ఒకనాడు తెల్లారి లేపితే లెగనేదు. గాలి సోకిందన్నారు." వేళ్ళ మధ్య ముక్కను చూస్తూ అడిగింది. "ఇదేనేటి?"

"కాదత్తా. ఆ రోజుల్లో ఎన్ని జ్వరాలుండేవి."

"జరం నేదు."

నా చదువు చెప్పే జవాబు పైకి చెప్పదగినది కాదు. అత్త లేచి ఆ తాడంతా మరుగుదొడ్డిలో పడేసి, బకెట్టు మీద బకెట్టు నీళ్ళు కొట్టింది. మూట విప్పి చీరలు మళ్ళీ కొక్కేనికి తగిలించింది. ఊరి మాట ఎత్తలేదు. వణుకు తగ్గలేదు, గోడకు తల ఆనించుకుని పళ్ళు బిగించి కూర్చునేది. తాగుతానని గానీ నములుతానని గానీ అడగలేదు.

ఆవిడను ఆపాలనే నేను వెళ్ళాను. ఆగింది. నాకు సంతోషం కలగలేదు.

మళ్ళీ అబిడ్స్

ఫలితం చెడ్డదే. అంగిలిలో ఎడమ సగం తీసెయ్యాలని, ఆ ఖాళీలో కట్టుడుపళ్ళలాంటి పలక అమర్చుతారని, మాట ముక్కులోంచి వస్తుందని, తినడం మళ్ళీ నేర్చుకోవాలని డాక్టరు బొమ్మ గీసి చెప్పారు. అత్త ఆ బొమ్మ వైపు చూడలేదు. ముక్క తీసిన చోట వాచి, మాట నాలుక కిందే ముద్దగా ఉండిపోతోంది. ముందుకు వంగి, మేజా పట్టుకుని, ఆయన్ను అడిగింది.

"బాబూ, పెద్దగుంట నా పాల వల్లే పోనాదేటి?"

డాక్టరుకు అర్థం కాలేదు. చెవి దగ్గరకు తెచ్చి మళ్ళీ చెప్పమన్నారు. అత్త అదే మాట మళ్ళీ అడిగింది. ఆయన నా వైపు తిరిగారు.

"ఏమంటున్నారమ్మా?"

ఆయన చదువుకున్నవారు, నిజం చెప్పే మనిషి. అడిగితే చెబుతారు. ఒళ్ళో పాప నా గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"నొప్పి ఎక్కువగా ఉంటుందా అని అడుగుతున్నారండీ" అన్నాను.

"కొన్నాళ్ళు ఉంటుందమ్మా. ఓర్చుకోవాలి" అన్నారాయన, అత్త చెయ్యి మీద తట్టి.

అత్త ఆయన వైపు చూడలేదు. నేను మాట మార్చడం విన్నది కదా, నా వైపే చూసింది. కోపం లేదు. ఎందుకు మార్చానో అర్థమైనట్టుంది, అంతే. "సరే బాబూ" అని, సంతకం చెయ్యడానికి పెన్ను కోసం చెయ్యి చాపింది.

ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు పలక పెట్టుకుని మెత్తటి అన్నం తింటోంది. మళ్ళీ పొగాకు ముట్టలేదు. చదువుకున్న కోడలు అడ్డపొగ మాన్పించిందని వీధిలో నా గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు, తమ అత్తలకూ చెప్పమని నన్ను పిలుస్తున్నారు.

నేను పాలివ్వడానికి పాపను ఒళ్ళోకి తీసుకుంటే అత్త లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. మొదట్లో పిలిచేదాన్ని. ఇప్పుడు పాప తాగడం అయ్యాక, నేనే పాపను ఎత్తుకుని ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. తీసుకుంటుంది. గుండె మీద చెయ్యి పెట్టి, కొట్టుకుంటోందో లేదో చూసి, అప్పుడు ముద్దు పెట్టుకుంటుంది.